గుమ్మడిదుర్గంలో గోడు విన్న మంత్రి

గుమ్మడిదుర్గం మంత్రి గవరయ్యకి తన తెలివి మీద ఎంత గురంటే, నిద్రలో అది కారిపోకుండా చెవుల్లో దూది పెట్టుకునేవాడు. రాజుగారైతే, "మనిద్దరి బుర్రలూ ఉండగా ఈ రాజ్యానికి మూడో బుర్ర దండగయ్యా" అనేవారు.

ఆ రాజ్యానికి ఉప్పంతా పక్కనున్న ఉప్పులేరు దేశం నుంచే రావాలి. ఓసారి అక్కడి రాయబారి మందాకినీదేవి వచ్చి జైలు చూసింది. లోపల పైడితల్లి అని, కుండలు చేసుకు బతికే మనిషి. రాజుగారి మీసం చీపురులా ఉందన్నందుకు మూడేళ్ళుగా మగ్గుతోంది. రాయబారికి ఒళ్ళు మండిపోయింది.

"మంత్రిగారూ, మూడు సలహాలు. మీ దేశంలో మనిషన్నవాడు తలెత్తుకు తిరగాలి. మీరు ప్రజల గోడు వినాలి. ఈ పైడితల్లిని వదిలెయ్యాలి. నెల తిరిగేసరికి మళ్ళీ వస్తాను. ఇవి జరక్కపోతే ఉప్పు బంద్!"

"ఓస్, ఇంతేనా!" అన్నాడు గవరయ్య.

తెల్లారగానే చాటింపు వేయించాడు. తల దించినవాడికి శిక్ష! ఇంకేముంది, ఊరంతా ఆకాశం చూస్తూ నడక. పూజారి పేడకుప్పలో పడ్డాడు. రాజుగారు మెట్లు కనపడక దొర్లుకుంటూ వచ్చి మంత్రి మీద పడ్డారు. గవరయ్య ముక్కు బూరెలా వాచింది. "సలహా పనిచేస్తోంది ప్రభూ!" అన్నాడు సంబరంగా.

"అది సరే, గోడు అంటే ఏంటయ్యా?"

"పెద్దదైతే గోడ, చిన్నదైతే గోడు ప్రభూ!"

అంతే, ఇద్దరూ ఇంటింటికీ వెళ్ళి పిట్టగోడలకి చెవులానించారు. ఒకచోట, "ఉప్పేదే? చప్పగా ఏడిసింది!" అని వినపడింది. గవరయ్యకి కళ్ళనీళ్ళు తిరిగాయి. "పాపం, ఎన్నాళ్ళ నుంచి చప్పగా ఉందో ఈ గోడ!" కోటలో ఉన్న ఉప్పుబస్తాలన్నీ తెప్పించి, నీళ్ళలో కలిపి, ఊళ్ళో గోడలన్నిటికీ పూయించాడు. ఊళ్ళో గేదెలన్నీ వచ్చి నాకి నాకి గోడలు పడగొట్టాయి.

ఇక మూడోది. "పైడితల్లిని వదిలేసి వచ్చెయ్యండ్రా" అని కాపలావాళ్ళకి చెప్పాడు. వాళ్ళు తాళం వేసి, ఆవిణ్ణి లోపలే వదిలేసి, ఇళ్ళకి పోయారు! దారిన పోయేవాళ్ళు కిటికీలోంచి అందించే ముద్దే పాపం పైడితల్లికి గతి అయింది.

నెల తిరిగింది. మందాకినీదేవి వచ్చి చూసి తల పట్టుకుంది. కాపలావాళ్ళని పిలిపించి, తాళంచెవి లాక్కుని తనే తలుపు తీసి, పైడితల్లిని చెయ్యిపట్టుకుని బయటికి తెచ్చింది.

"ఈవిడ మొహం చూసి ఉప్పు పంపుతున్నాను. మీరు మాత్రం ఒక్కసారి ఈవిడ స్థానంలో ఉండి చూడండి, తెలుస్తుంది!" అని కసిరి, తాళంచెవి పైడితల్లి చేతిలో పెట్టి బండెక్కేసింది.

"నాలుగో సలహా ప్రభూ!" అని కేకేశాడు గవరయ్య. అంతే, రాజుగారు, మంత్రి, కాపలావాళ్ళు బిలబిలమంటూ జైల్లోకి దూరి తలుపు లాక్కున్నారు. "తాళం వెయ్యమ్మా!" అన్నారు. పైడితల్లి వేసింది.

సాయంత్రానికి ఆవిడకే జాలేసింది. "బయటికి రండి బాబూ, తలుపు తీస్తాను" అంది.

గవరయ్య ఊచల్లోంచి గుడ్లురిమాడు.

"నువ్వున్నది మూడేళ్ళు. అంతకు ఒక్కరోజు ముందు మమ్మల్ని వదిలావంటే, నిన్ను జైల్లో పడేయిస్తాను, జాగ్రత్త!"