గవరమ్మ ముడి

ఏటికి ఇవతల ఊరుంది, అవతల అడివుంది, మధ్యలో ఒక మాటుంది. ఆ మాట మా అమ్మమ్మ నాకిచ్చింది, నేను మీకిస్తున్నాను. కాళ్లు ముడుచుకుని కూచోండి. మధ్యలో నవ్వినవాణ్ణి లేపి బయటికి పంపేస్తాను, ముందే చెప్తున్నాను. ఇది నవ్వే కథ కాదు.

ఎప్పుడో, మన తాతలకి తాతలు కూడా పుట్టని రోజుల్లో, కొండ కింద ఒక ఊరు. ఆ ఊళ్లో పైడయ్య అని ఒక కత్తివైద్యుడు. పుండు కోసేవాడు, గడ్డ కోసేవాడు, ఒంట్లో బాణమ్ముక్క విరిగిపోతే కోసి తీసేవాడు. మంచి చెయ్యి. కోసేముందు మనిషికి మత్తుమందు పట్టించేవాడు. అది తాగితే ఇంక కాలు తీసేసినా తెలీదు. ఒంటి మీద గుడ్డ ఉందో లేదో తెలీదు. నోటంట ఏ మాటొస్తోందో తెలీదు.

కోసే బల్ల ఎక్కడుండేదనుకున్నారు? వీధరుగు మీద! వెలుతురు కావాలి కదా మరి. పైడయ్య కళ్లు పుండు మీదే ఉండేవి, తక్కిన ఒళ్లు ఆయనకి కనపడేదే కాదు. ఊరికి మాత్రం కనపడేది. పిల్లల్ని చంకనేసుకుని, వేయించిన శనగలు నములుకుంటూ, తోలుబొమ్మలాటకి వచ్చినట్టు వచ్చి నిలబడేవారు. మత్తులో ఉన్నవాళ్లు ఏవేవో అంటారు కదా, అవి విని పడీపడీ నవ్వేవారు. సిగ్గులేని జనం! మన జనమే లెండి, ఎవరో కాదు.

ఆ ఊళ్లో నూకాలు అని ఒక చాకలావిడ. ఆవిడ కూతురే గవరమ్మ. నూకాలుకి రొమ్ములో గడ్డ లేచింది. పైడయ్య మందు పట్టించి, బల్ల మీద పడుకోబెట్టేడు. అప్పుడే ఆ దారంట కుర్రదొర గుర్రమ్మీద వచ్చేడు. కోటకి కాబోయే దొర. ఏటి ఆ గుంపు అని ఆగేడు. చేతిలో ఉన్న బెత్తంతో నూకాలు మీద గుడ్డ పైకెత్తి చూసేడు. చూసి ఒక మాటన్నాడు. ఆ మాట నేను చెప్పను. మా అమ్మమ్మా చెప్పలేదు. దొర నవ్వేడు కాబట్టి ఊరంతా నవ్వింది.

గడ్డ పోయింది. గాయం మానింది. కాని నూకాలు బట్టలు తేవడానికి ఏ గుమ్మం దగ్గరికెళ్లినా లోపల్నించి ఎవరో ఒకరు ఆ మాట అనేవారు. ఏటికెళ్తే అనేవారు. సంతకెళ్తే అనేవారు. నూకాలు ముందు సంతకెళ్లడం మానేసింది. తరవాత ఏటికెళ్లడం మానేసింది. ఆఖరికి అన్నం తినడం మానేసింది.

పోయేముందు కూతురి చెయ్యి పట్టుకుని ఒకటే అంది. "నాకు తెలీకుండా నన్ను చూసేరే గవరా. తెలిసుంటే కళ్లు పొడిచేద్దును."

తల్లికి చెయ్యాల్సినవన్నీ చేసి, గవరమ్మ తిన్నగా పైడయ్య ఇంటికొచ్చింది. చంకలో ఉతికిన దుప్పట్లు, నెత్తి మీద వాళ్లమ్మ తిరగలి.

"ఏటే ఇది?" అన్నాడు పైడయ్య.

"బల్ల లోపలికి మార్చండి బాబూ. చుట్టూ దుప్పట్లు కడతాను."

"వెలుతురు రావద్దా నాకు?"

"పైన కప్పు తీసేయండి. ఆకాశానికి నోరు లేదు కదా, చూస్తే చూడనీండి."

పైడయ్య ఆవిడ మొహంలోకి చూసేడు. నూకాలుని కోసిన చెయ్యి ఆయనదే. దొర గుడ్డ ఎత్తిన రోజు ఆయన తలెత్తి ఒక్క మాటైనా అనలేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. వెళ్లి తాటాకు కప్పు పీకేడు.

ఆరోజునించి గవరమ్మ పద్ధతి ఇదీ. రోగి మందు తాగకముందే, ఎక్కడ కొయ్యాలో అక్కడ మాత్రం దుప్పటికి కంత పెట్టేది. ఆ దుప్పటి రోగి తలనించి కాళ్లదాకా కప్పేది. మొహమ్మీద పల్చటి గుడ్డ. అన్ని కొసలూ గుండె మీదకి తెచ్చి రోగి చేతికిచ్చేది. "నీ ముడి నువ్వే వెయ్యి. లేచేక నువ్వే విప్పు," అనేది. ఒక్కొక్కరి ముడి ఒక్కొక్కలా ఉంటుంది కదా. పశువుల కాపరి పలుపు ముడి వేసేవాడు, చేపలవాడు వల ముడి వేసేవాడు. లేచేక తను వేసిన ముడి తను వేసినట్టే ఉంటే, ఎవరూ చూళ్లేదని రోగికి తెలిసేది. ఒకరు చెప్పక్కర్లేదు, ఒకర్ని నమ్మక్కర్లేదు.

మరి నోటి మాటల సంగతో? దానికే తిరగలి. బల్ల పక్కన కూచుని, ఎడం చెయ్యి ముడి మీదుంచి, కుడిచేత్తో చోళ్లు, అదే రాగులు, విసిరేది. రోగి మాట్లాడకపోతే నెమ్మదిగా. రోగి నోరు తెరిస్తే గరగరా గరగరా. బయట చెవులు రిక్కించుకున్నవాళ్లకి పిండి చప్పుడే మిగిలేది.

ఊరుకుంటారా జనం? ఒకరోజు ఒక అత్తగారొచ్చింది. "లోపలున్నది నా కోడలే. దాని ఒంటి మీద ఏ మచ్చలున్నాయో చూడాలి, తియ్యి దుప్పటి," అంది.

"ముడి వేసినోళ్లు లేచేక రండి," అంది గవరమ్మ.

ఇంకోరోజు ఊరి నాయుడొచ్చేడు. "పొరుగు రైతు మత్తులో ఏమంటాడో వినాలి. తిరగలి ఆపు," అన్నాడు.

"ముడి వేసినోళ్లు లేచేక రండి," అంది గవరమ్మ. అని ఇంకో గుప్పెడు చోళ్లు పోసింది.

మూడోసారి వచ్చినవాడి కథే ఇది. వినండి.

కుర్రదొర కోటకి దొరయ్యేడు. అయ్యేక కూచునే చోట పుండు లేచింది. ఆ కోటకి ఒక పాత కట్టుబాటు ఉండేది. ఒంటి మీద కత్తి గాటు పడ్డవాడు, అది యుద్ధంలో పడింది కాకపోతే, గద్దె దిగిపోవాలి. దిగితే తమ్ముడు ఎక్కుతాడు. అందుకని దొర ఎవరికీ చెప్పకుండా, మూసిన మేనాలో, పట్టపగలే సంత గోలలో పైడయ్య ఇంటికొచ్చేడు.

గవరమ్మ మేనా తెర తీసింది. మొహం చూసింది. ఆ మొహం మరిచిపోతుందా?

దొరని బల్ల మీద పక్కకి తిప్పి పడుకోబెట్టేరు. కొసలు చేతికిచ్చింది. పాపం, పుట్టి ఒక్కసారి కూడా తన పంచె ముడి తను వేసుకున్నవాడు కాదు. వేళ్లు తడబడ్డాయి. చంటిపిల్లాడు వేసినట్టు ఏదో వంకర ముడి వేసేడు.

"బాబూ, మా అమ్మ పేరు నూకాలు. ఈ ఊరి చాకలి. గుర్తుందా?"

"లేదు. ఎవరావిడ?"

గవరమ్మ మందు గిన్నె అందించింది. "లేచేక చెప్తాను," అంది.

ఆవిడకేం అనిపించలేదా అంటారా? ఎందుకనిపించదు! పైడయ్య కత్తి కడుక్కుంటుంటే ఆవిడ చెయ్యి ఆ ముడి దాకా వెళ్లిందట. కొస పట్టుకుని ఒక్క లాగు లాగితే చాలు, దొర మొహం బయటపడిపోను. తరవాత కూచుని, ఎడం చెయ్యి దానిమీదేసి, తిరగలి పిడి పట్టుకుంది.

కత్తి దిగింది. దొర మత్తులో ఏడవడం మొదలెట్టేడు. వాళ్లమ్మని పిలిచేడు. గరగరా గరగరా తిరగలి తిరిగింది.

అప్పుడొచ్చేడు తమ్ముడు, మేనా జాడ పట్టుకుని. వెనక బల్లేలవాళ్లు, వాళ్ల వెనక కోట పెద్దలు. పెద్దలు కళ్లారా మొహం చూడాలి, అదీ వాడి ఎత్తు.

"చాకలమ్మా, ఎవరే లోపల?" అన్నాడు తెర బయటనించి, తియ్యగా.

"ముడి వేసినోళ్లు లేచేక రండి."

"నీ తల్లిని అల్లరి చేసింది వాడే కదే. నీకు పగ లేదా?"

తిరగలి ఒక్క క్షణం తడబడింది. మళ్లీ తిరిగింది.

"ముడి వేసినోళ్లు లేచేక రండి."

"ముసుగు తీస్తావా, చస్తావా?"

"అయ్యా, నా చేతిలో కోత సగంలో ఉంది! చెయ్యి తీస్తే మనిషి పోతాడు!" అని పైడయ్య అరిచేడు. ఎవరు వింటారు? తెర చింపి బల్లెంవాడు లోపలికొచ్చేడు. గవరమ్మ లేచి రోగి మీద అడ్డంగా పడింది. రెండు చేతులూ ముడి చుట్టూ బిగించింది. మూడోసారి ఆ మాట అనబోయింది. పూర్తి కాలేదు. బల్లెం మొదలుతో నెత్తి మీద కొట్టేడు.

తిరగలి అప్పటికే ఆగిపోయింది.

పెరట్లో రోగులున్నారు, రోగుల తాలూకు మనుషులున్నారు. కోత మధ్యలో ఆ తిరగలి ఆగడం వాళ్లెప్పుడూ వినలేదు. ఒక్కసారిగా లేచి లోపలికొచ్చేరు. బల్లెంవాడు చచ్చిన చేతుల్లోంచి ముడి పీకుతున్నాడు, వేళ్లు రావడం లేదు. వచ్చినవాళ్లు వాణ్ణి తోసి, బల్ల చుట్టూ నిలబడ్డారు. బల్లవైపు వీపులు పెట్టి నిలబడ్డారు. ఆడవాళ్లు కొంగులు పరిచేరు, మగవాళ్లు కండువాలు పరిచేరు. ఒకావిడ చతికిలబడి తిరగలి అందుకుంది.

కోట పెద్దలు అది చూసేరు. తలలొంచుకుని ఒక్కొక్కరే వెనక్కి మళ్లేరు. చూసేవాళ్లు లేకపోయేక తమ్ముడికి ఆ మొహంతో పనిలేదు. కాని కోపం ఎక్కడికి పోతుంది? కోత ముగిసేక ఆ ముడి మీంచి గవరమ్మ వేళ్లు ఒక్కొక్కటే విప్పించి, శవాన్ని సంత మధ్యకి ఈడ్పించేడు. ఒంటి మీద గుడ్డ లేకుండా చేసి ఎండలో పడేయించేడు. "కప్పే ముచ్చట పడేది కదా! ఇప్పుడు దీన్ని కప్పినవాడి చెయ్యి నరికేస్తాను," అని గొడ్డలివాణ్ణి కాపలా పెట్టేడు.

ఛీ! ఆ మాట చెప్పడానికి నా నోరే రావడం లేదు.

సంతలో అంత జనం ఉన్నారా, ఎవరూ చూళ్లేదు. నిజం చెప్తున్నాను, ఒక్కడూ చూళ్లేదు. అందరూ అటు తిరిగి నిలబడ్డారు. అప్పుడు ఆ కోడలు ఉంది చూడండి, అత్తగారు మచ్చలు చూడాలన్న కోడలు, ఆవిడ వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వచ్చింది. కొంగు చింపి, తడుముకుంటూ కప్పి, చివర ముడేసింది. గొడ్డలి లేచింది. లేచి, అలాగే ఉండిపోయింది. వాడూ ఒకప్పుడు ఆ బల్ల మీద పడుకున్నవాడే. గొడ్డలి కింద పారేసి, తన తలగుడ్డ విప్పేడు. కప్పి ముడేసేడు. తరవాత పశువుల కాపరి వచ్చేడు, పలుపు ముడేసేడు. చేపలవాడు వచ్చేడు, వల ముడేసేడు. పొద్దు వాలేసరికి ఎవరి గుడ్డ ఏదో, ఎవరి ముడి ఏదో తెలీకుండా పోయింది.

దొరకి మెలకువొచ్చింది. గుండె మీద చెయ్యేసి చూసుకున్నాడు. వంకర ముడి. తన ముడే. చుట్టూ నెత్తురు మరక.

"ఆ చాకలమ్మ ఏదీ? నూకాలెవరో చెప్తానంది."

అప్పుడు పైడయ్య చెప్పేడు. అరుగూ, బెత్తం, ఆ మాట, అన్నం మానేసిన నూకాలు, అన్నీ. ఆరోజు తను తలెత్తలేదని కూడా చెప్పేడు.

దొర లేచేడు. గద్దె సంగతి కూడా మరిచి, కుట్లలోంచి నెత్తురు కారుతుండగా, బెత్తం ఊతంగా పట్టుకుని సంతకి నడిచేడు. జనం దారిచ్చేరు. గుడ్డల కుప్ప ముందు నిలబడ్డాడు. ఆవిడ మొహం ఒక్కసారి చూడాలనిపించింది. పాత అలవాటు చూడండి, చేతిలో బెత్తం దానంతటదే లేచి గుడ్డ అంచు దాకా వెళ్లింది.

సంతంతా ఒక్క గొంతుతో అంది.

"ముడి వేసినోళ్లు లేచేక రండి."

బెత్తం ఆగిపోయింది. ముడులేసినవాళ్లంతా లేచే ఉన్నారు, చుట్టూ నిలబడే ఉన్నారు. ఒక్కళ్లూ విప్పలేదు. దొర అక్కడే కూలబడి, మత్తులో ఏడ్చినట్టే ఏడ్చేడట. ఏడిస్తే ఏం లాభం? నూకాలు రాదు, గవరమ్మ రాదు. ముడులతోనే మట్టిచేసేరు ఆవిడని.

తమ్ముడేమయ్యేడంటారా? ఏం కాలేదు. బతికేడు, ముసలాడయ్యేడు, ఆఖర్న కంటి మీద గడ్డొచ్చి అదే బల్ల ఎక్కేడు. వాడి చేతికీ కొసలిచ్చేరు. ఇవ్వాలట. నాకైతే ఇవ్వబుద్ధి కాదు. నేను గవరమ్మని కాను కదా.

ఇప్పటికీ మా వైపు మనిషిని కోతకి తీసుకెళ్తే, ఎంత పెద్ద ఆసుపత్రైనా సరే, మందిచ్చేముందు దుప్పటి కొస వాళ్ల చేతికిచ్చి ముడెయ్యమంటాం. తెలియని నర్సులు విసుక్కుంటారు. తెలిసిన నర్సులు ఆ ముడి మీద చెయ్యేసి నిలబడతారు. ఎవరైనా జబ్బుమనిషి మత్తులో అన్న మాట నలుగురిలో చెప్పబోతే, "తిరగలి తిప్పండర్రా!" అంటారు పెద్దవాళ్లు. వాడు నోరు మూసుకోవాలి. మనిషి పోతే, కప్పిన గుడ్డకి అయినవాళ్లంతా తలో ముడీ వేస్తాం, అటు తిరిగి.

మాట మీకిచ్చేసేను, ఇంక నా దగ్గర లేదు. వెళ్లేటప్పుడు చప్పుడు చెయ్యకండి, లోపల గదిలో మీ పెద్దమ్మ నిద్రమాత్ర వేసుకుని పడుకుంది. దుప్పటి జారిందేమో, ఒకరెళ్లి కప్పండి. అటు తిరిగి కప్పండి.