రాని గింజలు తిరిగి పంపిన ముళ్లపంది

అనగనగా ఒక అడవిలో, అడవులకు కూడా ఫోన్లు వచ్చేసిన కాలంలో, ఈశ్వరమ్మ అనే ముళ్లపంది ఉండేది. ఆ అడవిలో డబ్బులు లేవు. జొన్నలే డబ్బు. అందరూ జొన్నల్ని ఉడుతల బ్యాంకులో, ఎవరి తొట్టిలో వారు దాచుకునేవారు. ఎవరికైనా ఇవ్వాలంటే ఫోన్లో తమ రహస్య అంకె నొక్కితే చాలు. ఉడుతలు ఒక తొట్టిలోంచి తీసి ఇంకో తొట్టిలో పోసేవి.

ఈశ్వరమ్మకు నిజాయితీపరురాలని పేరు. దారిలో రేగుపండు దొరికినా ఎవరిదో కనుక్కుని ఇచ్చేసేది. ఇద్దరు పోట్లాడుకుంటే, "ఈశ్వరమ్మను అడుగుదాం పద" అనేవారు. ఆ మాట చెవిన పడితే ఆమె ముళ్లు కాస్త నిక్కబొడుచుకునేవి. అది గర్వమని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

వానాకాలం దగ్గరపడింది. పిల్లలు ముగ్గురూ ఎదిగారు. తీగలతో అల్లిన పాత ఊయల ఊరికే పడి ఉంది. ఈశ్వరమ్మ దాన్ని ఫొటో తీసి, పాత సామాను అమ్ముకునే ఫోన్ గుంపులో పెట్టింది. వెల రెండు కుంచాల జొన్నలు.

కాసేపటికే ఫోను మోగింది.

"నమస్తే అమ్మా. నేను సరిహద్దు కాపలా దండులో జాగిలాన్ని. ఊయల మా పాపకు కావాలి. మీరు చెప్పిన వెలే ఇస్తాను. జొన్నలు ఇప్పుడే పంపుతా, ఊయల రేపు తీసుకెళతా" అంది ఒక గొంతు.

పక్క బొరియలో ఉండే కుందేలు మంగతాయి అప్పుడే అటొచ్చింది. సంగతి విని, "తాళ్లు గట్టివా అని కూడా అడగలేదా వదినా? పసిదాన్ని పడుకోబెట్టే ఊయల కదా" అంది.

"దండులో పనిచేసేవాళ్లు మనలా గీసి గీసి బేరమాడరు" అంది ఈశ్వరమ్మ.

ఇంతలో మెసేజీ వచ్చింది. 'మీ తొట్టిలో ఇరవై కుంచాల జొన్నలు పోశాము. ఇట్లు, ఉడుతల బ్యాంకు.'

వెంటనే మళ్లీ ఫోను. ఈసారి గొంతు వణుకుతోంది. "పొరపాటైందమ్మా. రెండు పంపబోయి ఇరవై పంపేశాను. అవి నావి కావు, దండు వంటశాలవి. సాయంత్రం లెక్క చెప్పాలి. మిగతా పద్దెనిమిదీ తిరిగి పంపండి, మీకు పుణ్యముంటుంది."

"బ్యాంకు అదిగో, ఆ మలుపులోనే ఉంది. ఒకసారి తొట్టి చూసుకుని పంపు వదినా" అంది మంగతాయి.

"అంతసేపు పరాయి సొమ్ము నా దగ్గర పెట్టుకోమంటావా?"

ఈశ్వరమ్మ ఇంకా ఫోను చేతిలో పట్టుకునే ఉంది. మూడోసారి మోగింది. ఈసారి గొంతు నిదానంగా పలికింది. "పోనీలెండమ్మా. మీరు నిజాయితీపరులని విన్నాను. మీరూ అందరిలాంటివారే అనుకుంటాను."

ఆ మాట ఈశ్వరమ్మకు చురుక్కున తగిలింది. రహస్య అంకె నొక్కి, పద్దెనిమిది కుంచాలూ పంపేసింది. తర్వాత తీరిగ్గా బ్యాంకుకు బయలుదేరింది.

బ్యాంకులో ఆమె తొట్టి దాదాపు ఖాళీగా ఉంది. అడుగున ఒక్క కుంచం జొన్నలున్నాయి. వానాకాలమంతా పిల్లలకు పెట్టాల్సిన తిండి అక్కడ లేదు.

"నాకు ఇరవై కుంచాలు వచ్చాయి కదా?" అంది.

కిటికీలో కూర్చున్న ఉడుత దస్త్రం చూసింది. "మీకేమీ రాలేదమ్మా. మీ దగ్గర్నుంచే పద్దెనిమిది వెళ్లాయి. ఎవరైనా మోసం చేశారా? ఇప్పుడే చెప్పండి. అవి అడవి బయటి తొట్టికి వెళ్తున్నాయి, ఇంకా దారిలోనే ఉంటాయి, ఆపొచ్చు."

ఈశ్వరమ్మ వెనక్కి చూసింది. వరసలో నెమలి ఉంది, దుప్పి ఉంది, ముసలి తాబేలు ఉంది. దుప్పి ఆమెను చూసి గౌరవంగా తల వంచింది.

"మోసమా? నన్నా? అబ్బే, మరిచిపోయాను. నేనే పంపాను" అంది ఈశ్వరమ్మ. ఆమె ముళ్లన్నీ ఒంటికి అతుక్కుపోయాయి.

ఇంటికి రాగానే మంగతాయి అడిగింది. "జొన్నలు వచ్చాయా వదినా?"

"వచ్చాయి."

ఈశ్వరమ్మ లోపలికి వెళ్లి ఊయలను బొరియ చివరిదాకా నెట్టి, మీద ఆకులు కప్పింది. "ఊయల అమ్మేశావుగా, మళ్లీ లోపలుందేమమ్మా?" అంది చిన్నపిల్ల. "నోరు మూసుకుని పడుకో" అంది ఈశ్వరమ్మ. ఆ పిల్లను అంతకుముందెన్నడూ ఆమె అలా కసిరి ఎరుగదు.

మర్నాడు మంగతాయి కూడా తన పాత తిరగలిని పది కుంచాల వెలకు గుంపులో పెట్టింది. ఆమెకూ అదే గొంతు, అదే ఇరవై కుంచాల మెసేజీ, ఎక్కువ వచ్చిన పదీ తిరిగి పంపమని అదే వేడుకోలు. మంగతాయి మాత్రం సందేహించింది. అప్పుడా గొంతు, "మీ పక్కింటి ఈశ్వరమ్మ గారి ఊయల కొన్నది నేనేనమ్మా. కావాలంటే అడగండి" అంది. మోసపోయిన పెద్దమనుషులు నోరు విప్పరని ఆ గొంతుకు బాగా తెలుసు.

మంగతాయి ఫోను పట్టుకునే వచ్చింది. "వదినా, నీ ఊయల కొన్నాయన నమ్మకస్తుడేనా?"

కాదంటే నిన్నటి అబద్ధం బయటపడుతుంది. ఈశ్వరమ్మ నేలచూపులు చూసింది. "నాకైతే ఏ ఇబ్బందీ రాలేదు" అంది.

మంగతాయి తన దగ్గరున్న పది కుంచాలూ పంపేసింది. అనుమానం వచ్చి బ్యాంకుకు పరుగెత్తి చూసుకుంది. చూసి, అక్కడే గుండెలు బాదుకుంది. "నా కొంప ముంచేశారు, ఆపండి నాయనా" అని అందరూ వినేలా ఏడ్చింది. ఉడుతలు ఉరికాయి. అప్పటికే సగం జొన్నలు అడవి దాటిపోయాయి. సగం దారిలో దొరికాయి.

ఆ ఏడుపు విని ఈశ్వరమ్మ బ్యాంకుకు వెళ్లేసరికి అందరూ కుందేలు చుట్టూ మూగి ఉన్నారు. "వదినకు సరిగ్గానే వచ్చాయి. నాకే చూసుకునే తెలివి లేకపోయింది" అంటోంది మంగతాయి ముక్కు చీదుకుంటూ.

అక్కడ నిలబడి ఆ మాట వినడం ఈశ్వరమ్మ వల్ల కాలేదు.

"నాకు రాలేదు మంగతాయీ" అంది. "ఒక్క గింజ కూడా రాలేదు. రాని గింజల్ని తిరిగి పంపేశాను. తొట్టి చూసుకోలేదు. ఊయల ఇంట్లోనే ఉంది. నిన్న ఈ కిటికీ దగ్గరే చెప్పాల్సింది. మీరంతా నవ్వుతారని చెప్పలేదు."

ఎవరూ నవ్వలేదు. ఉడుత మెల్లగా, "మీవి ఇక దొరకవమ్మా. రాత్రే అడవి దాటిపోయాయి" అంది.

మంగతాయి కళ్లు తుడుచుకుని ఆమె ముందుకొచ్చింది.

"మోసపోయినందుకు నిన్నేమీ అనను వదినా. నేనూ మోసపోయాను. కానీ నమ్మి నీ దగ్గరకొచ్చి అడిగితే, నా కళ్లలోకి చూడకుండా ఆ మాట ఎలా అన్నావు?"

ఈశ్వరమ్మ తల వంచుకుని ఇంటిదారి పట్టింది.

వానలు పట్టుకున్నాయి. ముళ్లపంది పిల్లలు రెండు పూటల తిండి ఒక పూటకు కుదించుకున్నారు. ఒక సాయంత్రం బొరియ ముందు ఆకుదొన్నెలో జొన్నలు కనిపించాయి. వానలో తడుస్తూ మంగతాయి తన బొరియకు తిరిగి వెళ్లిపోతోంది. ఎప్పటిలా "వదినా" అని పిలవలేదు. ఈశ్వరమ్మ ఆ దొన్నెను తీసుకుని పిల్లలకు పంచింది. తను మాత్రం ఆ జొన్నలు నోట పెట్టుకోలేకపోయింది.

నీతి: సొమ్ము వచ్చిందని ఎవరు చెప్పినా, మన తొట్టి మనం చూసుకోనిదే ఒక్క గింజ కూడా తిరిగి పంపకూడదు. ఒకవేళ మోసపోతే ఆ నిమిషమే నోరు విప్పి చెప్పాలి. మనం సిగ్గుపడి దాచిన మోసమే పక్కింటివాళ్లను ముంచుతుంది.