వంతులమ్మ దిబ్బ

గంగడపాలెం రేవు నుంచి పడవలో వెళ్ళే భక్తులకు సముద్రం నడుమ ముందుగా కనిపించేది గుడి కాదు, పిట్టల గుంపు. దిబ్బ దగ్గరపడగానే పడవవాళ్ళు ఇంజను ఆపి తెడ్లు వేస్తారు. ఇంజను చప్పుడుకు గుడ్ల మీది పిట్టలు బెదిరి లేచిపోకూడదు. ఇసుకలో తాటాకు పందిరి కింద వెలసిన తల్లి పేరు వంతులమ్మ.

పూర్వం ఈ రేవులో ఎల్లాజీ అనే జాలరి ఉండేవాడు. అతని భార్య దానమ్మకు నెలలు నిండకుండానే మగబిడ్డ పుట్టాడు. గుప్పెడంత బిడ్డ, కింద పడుకోబెడితే ఒళ్ళు చల్లబడిపోయేది. బిడ్డ తేరుకునేదాకా తల్లి వాణ్ణి గుండెకు హత్తుకుని ఉపవాసం ఉంటుందని ఎల్లాజీ తల్లి గురమ్మ గంగమ్మకు మొక్కింది. దానమ్మ అలాగే కూర్చుంది. బిడ్డ ఒళ్ళు వెచ్చబడింది గానీ తల్లికి పాలు ఇంకిపోసాగాయి.

ఆమెను చూడలేక ఎల్లాజీ తెప్ప వేసుకుని వేటకు పోయాడు. ఈదురుగాలి తెప్పను ఈ దిబ్బకు నెట్టింది. గాలి తగ్గేదాకా అతను ఇక్కడే ఉండిపోయాడు. ఎదురుగా ఇసుక గుంటలో ఒక పిట్ట గుడ్డు మీద కూర్చుని ఉంది. ఎండ మాడ్చినా, ఇసుక కళ్ళలో కొట్టినా అది కదలలేదు. తిండి లేక దాని రొమ్ము ఎముక తేలింది. దానమ్మ గుర్తుకొచ్చి ఎల్లాజీ కంట నీరు తిరిగింది.

మర్నాడు పొద్దున్నే దాని జంట సముద్రం మీంచి వచ్చి వాలింది. రెండూ తలలు వంచి, ముక్కులు తాకించి ఏదో చెప్పుకున్నాయి. వచ్చిన పిట్ట గుడ్డును పొట్ట కిందికి తీసుకుంది. ఆకలితో ఉన్నది ఒళ్ళు దులుపుకుని, నీళ్ళ మీదికి దూసుకుపోయి చేపను కరచుకుని లేచింది. అది చూసి ఎల్లాజీ ఒక్కడే పకపకా నవ్వాడు.

ఇంటికి వస్తూనే పురిటి గదిలో అడుగుపెట్టాడు.

"మగోడివి, పురిటింట్లోకి వొత్తావేట్రా! మొక్కు చెడిపోదా?" అని గురమ్మ అడ్డుపడింది.

"చెడదమ్మా. ఉపాసం నాకెట్టు, గంజి దానికెట్టు" అంటూ అతను బిడ్డను తన రొమ్ము మీదికి తీసుకుని పైన పంచె కప్పుకున్నాడు. దానమ్మ గంజి తాగి, పడుకున్న చోటే ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది.

గురమ్మ మాత్రం భయంతో గుమ్మంలో కూలబడి, తెల్లవారుజామున కునుకు తీసింది. కలలో గంగమ్మ కనిపించి, "నీ మొక్కు నాకు ముట్టింది. ఒక్కదాని ఆకలి నాకు వద్దు. నేను నీ కొడుకు గాలికి చిక్కిన దిబ్బ ఇసుకలో ఉన్నాను. పిట్టపిల్లలు ఎగిరాక నన్ను పైకి తీయండి" అని పలికింది. మెలకువ వచ్చేసరికి తండ్రి రొమ్ము మీద బిడ్డ కేరుమంటున్నాడు. వాడు అంత గట్టిగా ఏడవడం అదే మొదలు.

"దానమ్మా, లేయే! నీ వొంతొచ్చింది!" అని గురమ్మ సంతోషం పట్టలేక కేకపెట్టింది. ఆ మాటే అమ్మవారికి పేరైంది.

పిట్టపిల్లలు ఎగిరాక తవ్వితే, రెండు పిట్టల నడుమ కూర్చున్న తల్లి నల్లరాతి విగ్రహం దొరికింది. ఆ బిడ్డే పెరిగి తొలి పూజారి అయ్యాడు. నేటికీ అతని వంశం వారే అర్చన చేస్తున్నారు.

ఏటా జాతరనాడు పసిబిడ్డల తల్లిదండ్రులు ఉపవాసం పంచుకుంటారు. తండ్రి బిడ్డను రొమ్ముకు హత్తుకుని పస్తు కూర్చుంటే, తల్లి చేపల పులుసుతో కడుపారా తింటుంది. తరువాత వంతు మారుతుంది. బిడ్డను ఎత్తుకోవడం రాక తడబడే మగవాళ్ళను చూసి పందిరంతా నవ్వుతుంది, పూజారితో సహా. ఇలా వంతు తీర్చుకున్న ఇంట బిడ్డలు నిండుగా ఎదుగుతారనీ, ఆలుమగలు ఒకరి ఆకలి ఒకరు ఎరిగి బతుకుతారనీ ఈ తీరం నమ్మకం.