దాది నేర్పిన ఒక్క ప్రశ్న

సోమగిరి రాజు గజసింహుడికి గుమ్మడికాయ పులుసంటే ప్రాణం. వారం రోజులుగా విస్తట్లో అది కనబడటం లేదు. ఆరా తీస్తే తేలిందేమిటంటే, ఆరేళ్ల కూతురు కుందన వంటశాలలో గుమ్మడికాయల్ని కావిలించుకుని కూర్చుంది.

"కొయ్యొద్దు! లోపల రాకుమారుడున్నాడు!"

ఆ కథ చెప్పింది దాది పోలమ్మ.

రాజుకి ఒళ్లు మండింది. "పిల్లకి కథేదో నిజమేదో తెలియటం లేదు. పది రోజుల్లో నేర్పు. లేదంటే మూట సర్దుకో."

రాజునీ ఆయన బిడ్డల్నీ ఎత్తి పెంచిన చేతులు పోలమ్మవి. కుందనని వదిలిపోవడం ఆమె వల్ల కాదు.

ఆస్థాన చరిత్రకారుడు భీమనభట్టుకి మాత్రం పండగే. "ఆడవాళ్లకి నిజంతో పనేముంది ప్రభూ! పాపకి నా రాజచరిత్ర బట్టీ పట్టించండి. అందులో ప్రతి ముక్కా నేను కళ్లారా చూసి రాసిందే."

"పదో రోజున అదే చదవండి బాబూ, కథో నిజమో పాపే తేలుస్తుంది," అంది పోలమ్మ.

ఆ సాయంత్రమే, రాకుమారుణ్ణి చూద్దాం రమ్మని కుందనని ఒప్పించి, ఆమె ముందే గుమ్మడికాయ కోసింది. పిల్ల గింజలన్నీ వెతికి, "రాకుమారుడేడీ?" అంది.

"కథలో ఉన్నాడు తల్లీ. అక్కడే హాయిగా ఉంటాడు. ఇది నిజమని ఎవరన్నా చెబితే మాత్రం, ఎక్కడుండి చూశావని అడుగు."

పదో రోజు నిండు సభలో భట్టు గొంతు సవరించుకున్నాడు. "గజసింహ ప్రభువులు పుడుతూనే ఏడవలేదు. సింహంలా గర్జించారు!"

"నువ్వెక్కడుండి చూశావు తాతా?" అంది కుందన.

"ఎక్కడేమిటి? మంచం పక్కనే!"

"పురిటి గదిలోనా? తమ్ముడు పుట్టినప్పుడు నాన్ననే గుమ్మం దగ్గర ఆపేశారే! నిన్నెలా రానిచ్చారు?"

రాజు కళ్లు ఎర్రబడ్డాయి. "మా అమ్మ పురిటి గదిలో నీకేం పనయ్యా?"

"లే... లేదు ప్రభూ! నేను వీధిలోనే ఉన్నా! అది ఊహించి రాశా!"

"అయితే కథే!" కుందన చప్పట్లు కొట్టింది.

భట్టు పోలమ్మ మీద విరుచుకుపడ్డాడు. "గుమ్మడికాయలో రాకుమారుణ్ణి కూర్చోబెట్టిన నోరు నన్ను తప్పు పడుతోందా!"

"నేను అనగనగా అని ముందే చెప్పి అల్లుతాను భట్టుగారూ. తమరు కళ్లారా చూశానని అల్లుతారు."

సభ గొల్లుమంది. రాజు నవ్వాపుకుంటూ, "ఇంతకీ నేను గర్జించానా పోలమ్మా?" అన్నాడు.

"బొడ్డు కోసింది నేనే ప్రభూ. మూడు వీధులకి వినబడేలా ఏడ్చారు. ఆపైన నా కొత్త చీర తడిపారు."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. చేతి కంకణం తీసి ఆమెకి తొడిగాడు. "ఇంకేం కావాలో అడుగు."

"ఆనాడు గదిలో నలుగురు ఆడవాళ్లం ఉన్నాం. ఆ చరిత్రలో మా పేరు ఒక్కటీ లేదు. రాయించండి."

భట్టు గంటం పట్టుకుని ఆమె ఎదుట చతికిలబడ్డాడు.

"గర్జన కొట్టేయండి బాబూ," అంది పోలమ్మ. "నొప్పుల దగ్గర మొదలెట్టండి. రెండు రోజులు పడింది మహాతల్లి."