ఏడు గ్రాముల వైరాగ్యం

డెబ్బై రెండేళ్ల నారపరెడ్డికి తాను విరాగి అయిపోయానన్న నమ్మకం గట్టిగా కుదిరింది. ఇక మిగిలిందల్లా దీక్ష. అది ఇమ్మని అడగడానికే కొండమీది ఆశ్రమానికి బయలుదేరాడు. అరవై మెట్లు ఎక్కడానికి ఆరుసార్లు కూలబడ్డాడు. కళ్లు మూతపడి ఒళ్లు తేలిపోతుంటే, ధ్యానం దానంతటదే కుదురుతోందని మురిసిపోయాడు, పిచ్చిమారాజు.

ఆశ్రమానికి గురువు ఓబుళమ్మ. ఆయనకంటే పదేళ్లు పెద్దది, అందరికీ అవ్వ. ఆ వేళకు చాప మీద కూర్చుని మునగాకు దూస్తోంది.

"కోపం పోయింది అవ్వా. ఆకలి పోయింది. మనుషుల పేర్లు గూడా గుర్తుండవు. మొన్న నా పెండ్లాం తద్దినమే మర్చిపోతి. తెలిసినాక గూడా బాధ కాలే. మాయ తెగిపోయినట్టే గదా?"

అవ్వ ఆయన్ను దగ్గరికి రమ్మని, బొటనవేలితో ఆయన కింది కనురెప్ప లాగి చూసింది. లోపల ఎరుపన్నదే లేదు. అరచేయి తిప్పి చూస్తే అదీ సున్నం కొట్టిన గోడలా ఉంది.

"కింద పెద్దాసుపత్రి ఉంది. పోయి రక్తం చూపించుకో. దీక్ష సంగతి తర్వాత."

నారపరెడ్డికి మనసు చివుక్కుమంది. అయినా గురువు మాట, వెళ్లాడు. రక్తం ఏడు గ్రాములే ఉందన్నారు డాక్టర్లు. మోకాళ్ల నొప్పులకని ఏళ్ల తరబడి మింగిన మాత్రలు కడుపులో పుండు చేశాయట. అందులోంచి రక్తం కొంచెం కొంచెంగా పోతోందట. రక్తం ఎక్కించి, ఆ మాత్రలు మాన్పించి, పుండుకు మందిచ్చి, ఐరన్ మాత్రలు రాసి పంపారు.

నాలుగు నెలలకు మళ్లీ వచ్చాడు. మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కాడు గానీ ముఖం వేలాడేసుకున్నాడు.

"అంతా పాయె అవ్వా. పప్పులో ఉప్పు లేదని పొద్దున కోడలి మీద అరిస్తి. ఆకలైతే ఆగనే ఆగదు. నిన్న పెట్టె తీస్తే నా పెండ్లాం చీర కనపడె..."

అంత పెద్దమనిషీ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె పోయిన ఏడేళ్లలో అంతగా ఏడ్చింది లేదు.

"నేను దీక్షకు పనికిరాను. పోయొస్తా."

అవ్వ చాప మీద పక్కకు జరిగి చోటిచ్చింది.

"అప్పుడు ఇడిసిపెట్టేకి నీకాడ ఏముండె నారపా? ఇప్పుడు కూర్చో."