చిట్టేరు సీమ ముంత

ఏడు రాజ్యాలకూ కలిపి ఒకే మహాసభ ఉండేది. అన్నిట్లోకీ చిన్నదైన చిట్టేరు సీమ జనం, బాతులు కాసుకునే నూకరత్నాన్ని ఎన్నుకుని ఆ సభకు పంపారు. ఎగువనున్న పెద్ద రాజ్యం ఏటికి అడ్డంగా కట్ట వేసేయడంతో వాళ్లు గుక్కెడు నీళ్లకు అల్లాడుతున్నారు.

సభకో పద్ధతి ఉంది. ఎవరి ఏటి నీళ్లు వాళ్లే తెచ్చి, అడుగున చిల్లున్న పాత్రలో పోసి, ఆఖరి చుక్క రాలేదాకా మాట్లాడాలి. అందాకా ఎవరూ లేవకూడదు. పెద్ద రాజ్యానికి గంగాళం, చిట్టేరుకు పిడికిట్లో పట్టే ముంత.

"రెండు మాటలకే ఖాళీ అవుతుందిలే," అని నవ్వాడు సభాపతి భద్రగిరి. ఆయనది ఆ పెద్ద రాజ్యమే.

నూకరత్నం వట్టి ముంత వేలాడదీసి మొదలెట్టింది. చచ్చిన బాతుల గురించి, బీటలువారిన మళ్ల గురించి చెబుతూనే ఉంది. భోజనాల వేళ దాటిపోయింది.

"ఇక ఆపవమ్మా!" అని విసుక్కున్నాడు భద్రగిరి.

"ఆఖరి చుక్క రాలలేదు కదయ్యా?"

"అసలు నీళ్లేవీ అందులో?"

"తమరి కట్ట వెనకాల ఉన్నాయి బాబయ్యా. అవి మా ఏటికి చేరి, ఈ ముంతలో పడి, ఆఖరి చుక్క రాలగానే కూర్చుంటాను."

ఆకలి మీదున్న సభంతా భద్రగిరి వైపు గుర్రుగా చూసింది. కట్ట తూములెత్తమని చెప్పడానికి అప్పటికప్పుడే రౌతు బయల్దేరాడు.