చందమామ ఒళ్లో పైడి

ఒకప్పుడు చందమామ ఏ రోజు చూసినా ఒకే దూరంలో ఉండేవాడు. ఆయన మీద వెలుగు పెరిగేది, తరిగేది గాని, ఒళ్లు మాత్రం ఎప్పుడూ అంతే. తల అటు తిప్పేవాడు కాదు, ఇటు తిప్పేవాడు కాదు. బుద్ధిగా వచ్చేవాడు, బుద్ధిగా పోయేవాడు.

ఆయన అంత కుదురుగా ఉండేవాడు గనక సముద్రుడు కూడా ఉన్నచోటే ఉండేవాడు. ఒడ్డున ఇసుకలో ఒక గీత ఉండేది. ఏ కెరటమూ ఆ గీత దాటి ఎరగదు. అందుకే జాలర్లు గీత పక్కనే గుడిసెలు వేసుకున్నారు. గుమ్మంలో కూర్చుని నీళ్లలో కాళ్లు ఆడించేవాళ్లు. అంత ధీమా వాళ్లకి.

ఆ గుడిసెల్లో ఒకదాంట్లో ఎర్రమ్మ ఉండేది. ఆమెకి ఒక్కతే కూతురు, పేరు పైడి. పైడికి నడక వచ్చింది, మాటలు వచ్చాయి, చెవులు మాత్రం కుట్టలేదు. చెవులు కుట్టేటప్పుడు పిల్ల మేనమామ ఒళ్లో కూర్చోవాలి కదా. ఎర్రమ్మకి తోడబుట్టినవాళ్లు లేరు. కంసాలి వచ్చేవాడు, సూది తీసేవాడు, మేనమామ ఏడీ అని అడిగేవాడు, సూది మళ్లీ సంచిలో పెట్టుకుని వెళ్లిపోయేవాడు. తోటి పిల్లల చెవులకి పోగులు ఊగుతుంటే పైడి తన బోసి చెవులు రెండు చేతులతో మూసుకుని తిరిగేది. చిన్నపిల్లకి అంత సిగ్గు నేర్పడం ఏం న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఒక పౌర్ణమి సాయంత్రం ఎర్రమ్మ గీత దగ్గర నిలబడి చందమామని పిలిచింది.

"అన్నా, లోకంలో పిల్లలందరూ నిన్ను మామా అంటారు. ఒక్కపాలి నిజంగా మామవై రా. నా పైడిని ఒళ్లో కూకోబెట్టుకో."

చందమామని మామా మామా అని పిలిచేవాళ్లే అందరూ. పీట వేసి రమ్మన్నవాళ్లు అంతవరకు ఒక్కరూ లేరు. ఆయన అప్పటికప్పుడు బయలుదేరాడు.

సముద్రుడు అడ్డుపడ్డాడు. చందమామ ఆయన కడుపున పుట్టినవాడే. "నువ్వు దగ్గరికొస్తే లేచి ఎదురురాకుండా ఉండలేనురా. నన్ను నేను ఆపుకోలేను" అన్నాడు.

సూది దిగేంతసేపేగా నాన్నా, అని చందమామ బతిమాలాడు. సరే, ఎలాగో ఆపుకుంటాలే, అని సముద్రుడు మెత్తబడ్డాడు. కొడుకుని దగ్గరగా చూసి ఎన్ని యుగాలైందో మరి.

చందమామ దిగుతున్నకొద్దీ పెద్దవాడవుతూ వచ్చాడు. ఒడ్డున ఒక్కొక్క గవ్వా విడివిడిగా కనిపించింది. బోర్లించిన పడవ మీద కూర్చుని చేతులు చాపాడు. కంసాలి ఈసారి మేనమామ ఏడీ అని అడగలేదు.

పైడి ఒళ్లో కూర్చుంది. సూది చూడగానే పెదవులు వణికాయి. అప్పుడు చందమామ, ఇటు చూడవే అమ్మలూ, మామ తల చూడు, అంటూ తల అటూ ఇటూ, పైకీ కిందికీ ఊపాడు. పైడి కిలకిలా నవ్వింది. ఆ నవ్వులోనే ఎడమ చెవి కుట్టడం అయిపోయింది.

"ఇంకోపాలి, మామా" అంది పైడి.

కుడి చెవికి సూది ఎత్తేలోగా సముద్రుడు గీత దాటాడు.

ఆయన కోపంతో రాలేదు. కొడుకుని ఒక్కసారి తాకి వెళ్దామని వచ్చాడు. కాని సముద్రుడు చెయ్యి చాపితే గుడిసెలు నిలుస్తాయా? అన్నీ కొట్టుకుపోయాయి. జనం ఇసుకదిబ్బ మీదికి పరుగెత్తారు. ఎర్రమ్మ చందమామ ఒళ్లోంచి పిల్లని అందుకునేసరికి నీళ్లు మెడదాకా వచ్చేశాయి. పైకి ఎల్లిపో అన్నా, ఎల్లిపో, అని ఏడ్చింది.

చందమామ గాభరాగా లేచాడు. తను ఎంత దూరం పోతే నీళ్లు అంత తగ్గుతాయని వెనక్కి చూడకుండా పోయాడు. ఆయన వెనకే సముద్రుడు ఒక్క లాగుడులో వెనక్కి మళ్లాడు. ఆ లాగుడికి ఎర్రమ్మ చేతుల్లోంచి పైడి జారిపోయింది.

ఎంత వెతికినా దొరకలేదు. సముద్రుడు తన అడుగంతా తడుముకున్నాడు. ఆయనకీ దొరకలేదు. ఇందులో చెడ్డవాళ్లెవరూ లేరు, పిల్లలూ. ఒక్కరున్నా వాళ్లని తిట్టుకుని నా కడుపు చల్లబరుచుకుందును.

చందమామ చుక్కల మధ్య ఎక్కడో నిలబడి, నేనొచ్చి వెతకనా చెల్లీ, అని అడిగాడు.

"రావొద్దు, అన్నా. నువ్వొస్తే ఇంకో తల్లి పిల్ల పోతాది."

అయితే ఇక కనపడకుండా వెళ్లిపోతాను, అన్నాడు.

ఎర్రమ్మ నీళ్లవైపు చెయ్యి చూపింది. "ఎల్లిపోకు. నువ్వూ లేకపోతే ఆ నీళ్లలో నా పిల్లకి అంతా సీకటే."

రావద్దంది, పోవద్దంది. ఆమెని ఏమనగలం? ఆయన మాత్రం ఏం చేస్తాడు?

అప్పటినుంచే చందమామకి కుదురు లేకుండా పోయింది. ఆగలేక దగ్గరికి వస్తాడు, అప్పుడు పెద్దగా కనిపిస్తాడు. ఆయన్ని చూసి సముద్రుడు ఎక్కువగా పొంగుతాడు. అది చూసి భయపడి దూరంగా పోతాడు, అప్పుడు చిన్నగా కనిపిస్తాడు. ఎంత దూరం పోయినా మన వైపు నుంచి మొహం మాత్రం తిప్పుకోడు. నెల పొడుగునా తల కొంచెం అటూ, కొంచెం ఇటూ, కొంచెం పైకీ, కొంచెం కిందికీ ఊపుతూ ఉంటాడు. ఇంకోపాలి మామా, అని పైడి అడిగింది కదా. నీళ్లలోంచి ఇంతవరకు నవ్వు వినిపించలేదు. ఆయన ఊపుతూనే ఉన్నాడు.